కోర్టు బయట కూర్చున్నవాళ్లకే ఈ రూలు

వాలీబాల్ నేర్పడంలో నోటితో చెప్పేది తక్కువ, చేసి చూపించేది ఎక్కువ. మోకాళ్లు ఎంత వంచాలో, బంతి కింద ముంజేతులు ఎలా కలపాలో మనం వంగి చూపిస్తేనే పిల్లలకు ఎక్కుతుంది. ప్రకాశం జిల్లాలో మా ఊరి హైస్కూలు గ్రౌండులో పొద్దున్నే శిబిరం పెట్టి ఆట నేర్పుతుంటాను. కోర్టులో ఉన్న నన్ను వాళ్లు ఎంత శ్రద్ధగా చూస్తారో, బయట చింతచెట్టు కింద కూర్చున్న పెద్దల్నీ అంతే శ్రద్ధగా చూస్తారు. అందుకే ఆటస్థలంలో పొగాకు వద్దన్న నిబంధన పిల్లల మేలు కోసమే అయినా, ముందు పాటించాల్సింది పెద్దలేనని గట్టిగా నమ్ముతాను.

ఓ ఆదివారం బంతి చెట్టు కిందికి దొర్లింది. తేవడానికి ఏడో తరగతి కుర్రాడు పరిగెత్తాడు. అక్కడ కూర్చున్న పెద్దాయన వాడి చేతిలో నోటు పెట్టి, "ఒరేయ్ నాన్నా, ఆ బడ్డీకొట్టుకెళ్లి ఓ సిగరెట్టు పట్రా" అన్నాడు. కుర్రాడు బంతిని చంకన పెట్టుకునే వెళ్లాడు. కొట్టతను ఎవరికని కూడా అడక్కుండా ఇచ్చేశాడు. నిజానికి 2003 నాటి చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వాళ్లకు పొగాకు అమ్మకూడదు. బడికి వంద గజాల లోపల ఎవరికీ అమ్మకూడదు. ఆ పెద్దాయన చెడ్డవాడేం కాదు, మా పిల్లలకు నెట్ కొనిచ్చిందీ ఆయనే. "బాబాయ్, పిల్లల చేత ఇవి తెప్పించొద్దు, ఇక్కడ కాల్చొద్దు" అన్నాను. "ఆరుబయటేగదయ్యా, పొగ ఎవరికి తగులుద్ది?" అన్నాడు.

ఈ మాట ఏ గ్రౌండుకెళ్లినా వినబడుతుంది. చట్టంలో మొదట ఆరుబయలుకు మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ 2008 అక్టోబరు 2 నుంచి అమల్లోకి వచ్చిన నియమాలు స్టేడియాలను పేరుపెట్టి మరీ నిషేధం కిందికి తెచ్చాయి. అక్కడ కాలిస్తే 200 రూపాయల దాకా జరిమానా. అయినా నా అభ్యంతరం పొగ గురించి ఒక్కటే కాదు. గాలికి పొగ చెదిరిపోవచ్చు. కాల్చే మనిషిని మాత్రం పిల్లలు చూస్తూనే ఉంటారు.

పొగ రాని పొగాకు సంగతి ఇంకా కష్టం. సంక్రాంతి టోర్నమెంట్లలో ఎప్పుడూ చూసేదే: పేరున్న సీనియర్ ఆటగాడు, ఊరి పిల్లలంతా నోరు తెరుచుకుని చూసే స్మాషర్, సెట్టు సెట్టుకీ మధ్య అరచేతిలో ఖైనీ వేసి, సున్నం కలిపి, బొటనవేలితో నలిపి, రెండు తట్లు తట్టి కింది పెదవి లోపల పెట్టుకుంటాడు. పొగతాగడం మీద జరిమానా దీనికి వర్తించదు. బడి ఆవరణలో ఏ రూపంలోనూ పొగాకు వాడకూడదని కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలున్నా, పండగ రోజుల్లో అది బడి అన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. 2019లో దేశవ్యాప్తంగా జరిగిన సర్వేలో 13–15 ఏళ్ల విద్యార్థుల్లో 8.5 శాతం మంది పొగాకు వాడుతున్నట్టు తేలింది. నమిలే పొగాకు అలవాటైన వాళ్లలో సగానికి పైగా పదేళ్లు నిండకముందే మొదలుపెట్టారు. పదేళ్లంటే మా శిబిరంలో ఇంకా సర్వీసు నెట్ దాటించలేని పిల్లలు.

పొగాకు మీద బతికే జిల్లాలో ఈ మాటలేంటని అడిగేవాళ్లున్నారు. మా శిబిరానికొచ్చే పిల్లల్లో చాలామంది తండ్రులు పొగాకు రైతులే. ఆకు కాల్చే రోజుల్లో రాత్రంతా బ్యారన్ దగ్గర మేలుకుని వేడి చూసుకునే మనుషులు. ఈ రూలు పెడతానంటే అందరికంటే ముందు సరేనన్నది వాళ్లే. పంటకు గిట్టుబాటు ధర కావాలనడం వేరు, కొడుకు నోట్లో సిగరెట్టు చూడాలనుకోవడం వేరు.

పైస్థాయి ఆటల్లో పొగాకు ప్రచారం తగ్గడానికి చాలా కాలం పట్టింది. 1996 క్రికెట్ ప్రపంచకప్పుకు సిగరెట్ బ్రాండు పేరే పెట్టారు, విల్స్ కప్పు అని. హైదరాబాద్‌లో, విశాఖలో మ్యాచ్‌లు ఆ పేరుతోనే జరిగాయి. ఇప్పుడు సిగరెట్ పేరు జెర్సీ మీద లేదు గానీ, పాన్ మసాలా పేర్లు యాలకుల ముసుగులో మ్యాచ్ మధ్య ప్రకటనల్లో వస్తున్నాయి. అలాంటి ప్రకటనలు ఆపమని 2025లో ఐపీఎల్‌కు కేంద్ర ఆరోగ్యశాఖ లేఖ రాయాల్సి వచ్చింది.

అంత పైవాళ్లను మార్చడం మన చేతుల్లో లేదు, మన గ్రౌండు మాత్రం ఉంది. గేటు దగ్గర కనీసం 60 సెంటీమీటర్లకు 30 సెంటీమీటర్ల బోర్డు పెట్టి, ఫిర్యాదు ఎవరికి చేయాలో ఆ మనిషి పేరు రాయమని ఆ 2008 నియమాలే చెబుతున్నాయి. పేరు లేని బోర్డును ఎవరూ లెక్కచేయరు. మా గ్రౌండులో పెట్టే బోర్డు మీద నా పేరు రాయమన్నాను. వేసవి శిబిరాలు నడిపే పీఈటీలకు, పండగ టోర్నమెంట్లు పెట్టే కుర్రాళ్లకు నా విన్నపం ఇదే: గుట్కా, పాన్ మసాలా వాళ్ల డబ్బుతో బ్యానర్లు కట్టకండి. రిఫరీలకూ, పెద్దలకూ, కప్పు గెలిచే సీనియర్లకూ రూలు ముందే చెప్పండి. బోర్డు మీద మీ పేరు రాయించండి.