ధ్వనిముద్రికల పరిష్కరణము

క్రిమిదష్టమైన తాళపత్రమున రెండక్షరములు లోపించినచో పరిష్కర్త ఛందస్సును, ప్రాసను, సందర్భమును జూచి వాని నూహించును. ఊహించి కుండలీకరణములలో నుంచును. పాత గ్రామఫోను పలకలనుండి చిటుకులను, చిటపటలను దొలగించువారి పనియు నిట్టిదే. కాని వారు పూరించిన తావున కుండలీకరణములు వినబడవు. వినువాడు పూరణమునే మూలమని నమ్మును. ఈ భేద మించుక విచారింపదగినది.

పలక లన్నియు నొక్క జాతివి కావు. 1948లో కొలంబియావారు అమెరికాయందు దీర్ఘకాలము మ్రోగు వినైలు పలకలను వెలువరించుటకు మున్ను పలకలు ప్రధానముగ లక్కతో జేయబడెడివి. లక్కలో రాతిపొడియు మసియు గలిపెడివారు. ముల్లొరయునపు డెడతెగక వినబడు గరగర కా పొడియే ముఖ్యకారణము. వినైలు స్వభావముచే మృదువైనది. దానిపై వినవచ్చు చిటుకులు ధూళివలనను, గీతలవలనను, స్థిరవిద్యుత్తువలనను గలుగును. రోగము వేఱు గనుక చికిత్సయు వేఱు. వినైలును గడుగుటకు వాడు మద్యసారముతో లక్కపలకను దుడిచినచో లక్కయే కరగిపోవును. పిమ్మట నెట్టి గణితమును దానిని మరల దేజాలదు.

ఈ పనిలో మిక్కిలి మెచ్చదగిన భాగము యంత్రగణితమునకు ముందే జరుగును. పలకను శుభ్రపఱచి, గాడికి దగిన ముల్లు నెన్నుకొనవలెను. లక్కపలకకు సుమారు అంగుళములో వేయింట మూడు వంతుల మొన కావలయును. వినైలునకు వేయింట నొక వంతు చాలును. పూర్వపు ముల్లు గాడిని ఒకచో నరగదీసి యుండగా, కొంచెము పెద్దదో చిన్నదో యగు ముల్లు అరగని చోటును దాకి స్పష్టతర ధ్వనిని దెచ్చుట కలదు. మఱియు గాడికి రెండు గోడలున్నవి. పార్శ్వలిఖితములగు పాత పలకలలో రెండు గోడలయందును నొక్క ధ్వనియే యుండును. ఒక గోడపై గీతపడినచో నా లవమును రెండవ గోడనుండి గ్రహింపవచ్చును. ఇది యూహ కాదు, ప్రత్యంతరమునుండి పాఠమును దెచ్చుకొనుట. ఇట్టి సౌకర్యముండగా దానిని విడిచి తిన్నగా నూహకు దిగువారు సోమరులని చెప్పక తప్పదు.

ఊహామార్గ మిట్టిది. ధ్వనిని సంఖ్యలుగ మార్చునపుడు సెకనునకు 96,000 మాదిరులను దీసికొనుట భాండాగారములలో నేడు వాడుక. సెకనులో వేయవ వంతు కాలముండు చిటుకు 96 మాదిరులను జెఱచును. ముందు వెనుకల సంఖ్యలనుబట్టి యచ్చట నేమి యుండవలెనో యంత్రము లెక్కించును. ఉన్నది దానికి మిక్కిలి భిన్నమైనచో దోషమని తీసివైచి, లెక్కించినదానిని బెట్టును. ఇట్టి పూరణమునకు జాన్సెన్ మొదలగువారు 1986లో నొక మార్గమును జూపిరి. గాడ్సిల్, రేనర్ అనువారు 1998లో నీ శాస్త్రమును గ్రంథరూపమున విస్తరించిరి.

లెక్క యెంత సూక్ష్మమైనను దాని మూలసూత్రము మాత్రము శంకనీయము: ఊహింపరానిది దోషమట. వీణపై మీటు ఊహింపదగినదా? మృదంగముపై దెబ్బ? వీణ ధనమ్మాళ్ (1867–1938) వాద్యము మార్దవమునకు బేరొందినది. అట్టి వాద్యమున మీటుయొక్క తొలిక్షణమును యంత్రము చిటుకని భ్రమించి యరగదీసినచో మిగులునది నాదమే కాని ఆమె చేయి కాదు.

పద్యములలో హాని యింకను స్పష్టము. కకార టకారాది స్పర్శవర్ణములకు బ్రాణము వాని విడుపునందలి క్షణికస్ఫోటము. అతిచికిత్సచే నది మొద్దుబాఱినచో ద్విత్వప్రాసము తేలిపోవును. మహాప్రాణములయందలి యూపిరి చిటపటతో గూడ దుడుచుకొనిపోవును. ఇక శకార సకారముల మాట: 1925 ప్రాంతమున విద్యుత్పద్ధతి వచ్చుటకు ముందు బాకాలో బాడి చేసిన పలకలలో 3,000 హెర్ట్జులకు మించిన ధ్వని మిక్కిలి స్వల్పము. ఆ రెండు వర్ణముల భేదము చాలవఱ కంతకు బైననే యున్నది. అట్టి పలకను విని, ఫలాన నటునకు శకారము పలుకదనుట యన్యాయము. గాడిలో లేనిదానికి గాయకుడు బాధ్యుడు కాడు.

దోషమేదో గుణమేదో తెలియుటకు సాధనములు లేకపోలేదు. నిమిషమునకు 78 మాఱులు తిరుగు పలకపై నడ్డముగ బడిన బీట సుమారు 0.77 సెకనున కొక తూరి వినబడును. గాయకుని లయతో బొత్తులేని యా యావృత్తియే దానిని బట్టియిచ్చును. మఱియొక పరీక్ష తీసివైచినదానిని వేఱుగ వినుట. అందు వట్టి చిటుకులే యున్నచో సరి. మృదంగపు జతులో, పద్యపు హల్లులో వినవచ్చినచో పరిష్కర్త హద్దు మీఱినాడు.

అంతర్జాతీయ ధ్వని దృశ్య భాండాగార సంఘమువారి నియమములు మార్పులేని తొలి ప్రతిని భద్రపఱుపవలెనని విధించుచున్నవి. అది భాండాగారములకే కాక ప్రకాశకులకును నియమము కావలెను. విపణిలోని పునర్ముద్రణములు పెక్కింటిలో పలక సంఖ్య యుండదు, ముల్లు పరిమాణముండదు, ఏమి తొలగిరో యుండదు. పీఠికయు బాఠాంతరసూచియు లేని భారతమును నమ్మని పండితుడు వీనిని మాత్రమేల నమ్మవలెను? శుభ్రపఱచిన ధ్వని ప్రక్కనే చిటపటలతో గూడిన మూలమునుగూడ నిచ్చినచో నేది హల్లో యేది గీతయో శ్రోతయే నిర్ణయించుకొనును.