గోడమీది దేవుళ్ళు

మన వత్రాప్ ఇళ్ళల్లో తేదీలు అయిపోయినా క్యాలెండరు పైనున్న దేవుడి పటాన్ని ఎవరూ పారెయ్యరు. అయినా "క్యాలెండర్ బొమ్మే కదా" అని తేలిగ్గా మాట్లాడతారు. అది నాకు సరిగా తోచదు.

సి. కొండయ్య రాజు గారు (1898-1976) మద్రాసులో చిత్రకళ నేర్చి, నాటక కంపెనీకి తెరలు రాసి, 1940లలో కోవిల్‌పట్టిలో స్థిరపడ్డారు. ఆయన పురాణ చిత్రాలను శివకాశి ప్రెస్సులు అచ్చేసి ఊరూరికీ పంపాయి. ఆ నాటకం వాసన బొమ్మల్లో ఇంకా ఉంది. లక్ష్మి అయినా మురుగన్ అయినా వేదికమీద నిలబడినట్టు నేరుగా మన వైపే చూస్తారు.

రవివర్మ 'జటాయు వధ' అచ్చుపటం ఇలా కాదు. రావణుడు పక్షిని చూస్తాడు, సీత ముఖం కప్పుకుంటుంది. మనల్ని ఎవరూ చూడరు. అక్కడ కథ జరుగుతోంది, మనం పక్కన నిలబడి చూస్తాం. రాజు గారి పటంలో కథ ఆగిపోయింది, దేవుడు మన దండం కోసం ఉన్నాడు. పూజగదికి ఇది బాగుంటుంది గానీ కథ తెలియని పిల్లలకు ఆ పటం ఏమీ చెప్పదు. ముఖాలు కూడా అన్నీ ఒకే గుండ్రన! ఇది నాకు నచ్చలేదు.

అచ్చులో మరో చిక్కు. రంగులన్నీ ఒకదానిమీద ఒకటి సరిగ్గా పడాలి. ఒక్కటి కొంచెం జరిగినా పెదవి ఎరుపు చెంపకు అంటుతుంది. అలాంటి పటాన్ని చూసి చిత్రకారుణ్ణి తప్పుపట్టకూడదు.

ఇంకో మాట. కింద బట్టలకొట్టు పేరు జానెడు ఉంటుంది, గీసినవారి సంతకం మూలన చీమంత. మీ ఇంటి పటంలో అదైనా ఉందేమో వెతకండి.