పులిరాజా ప్రకటన చెప్పని సగము

2003 ప్రాంతమున, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పట్టణములలో ఒక ప్రకటన వెలసినది. పులిరాజా అను కల్పిత వ్యక్తికి ఎయిడ్స్ వచ్చునా, రాదా అని అది దారిన పోవువారిని ప్రశ్నించినది. బొంబాయిలో బల్బీర్ పాషా పేరుతో నడచిన ప్రచారమునకు ఇది తెలుగు రూపము. విజ్ఞాన ప్రచార సాధనముగా దీని గుణదోషములు విచారింపదగినవి.

గుణము స్పష్టమే. నలుగురిలో పలుకుటకు జంకెడి వ్యాధి పేరును అది టీకొట్టు ముచ్చటలలోనికి తెచ్చినది. ప్రశ్నతో కుతూహలము రేపుట మంచి ఉపాధ్యాయుని పద్ధతియే గదా!

దోషమేమన, ప్రశ్న వ్యాధి వచ్చుటతోనే ఆగిపోయినది. వచ్చినవాని గతి యేమి? మన ప్రభుత్వము 2004 ఏప్రిల్ 1న ఉచిత చికిత్స ప్రారంభించినది గనుక, అంతకు ముందు చెప్పుటకు అంతగా లేదని సమర్థింపవచ్చును. అయినను జనుల జ్ఞాపకమున నిలిచినది ఆ మొదటి ప్రశ్నయే. పులిరాజా పేరు ఎగతాళి మాటయైనది. ఎగతాళికి వెరచినవాడు పరీక్షకు రాడు.

ఈ లోపమెంత పెద్దదో శాస్త్రము చెప్పుచున్నది. హెచ్.ఐ.వి. మన తెల్ల రక్తకణములలో చేరి తన ప్రతులను తయారు చేసికొనును. మందులు ఆ పనిని అడ్డగించును. క్రమము తప్పక వాడినచో రక్తములోని వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గును. ఆ స్థితి నిలిచియున్నంత కాలము లైంగిక సంబంధము వలన ఇతరులకు సోకదు. మధ్యలో మానినచో వైరస్ మరల పెరుగును, మందులకు లొంగని రకము పుట్టవచ్చును. కావున ఒకనాటి కూలి, ఒక బస్సు ఛార్జీ కూడ ఇచట జీవశాస్త్ర విషయములే.

హైదరాబాదునే చూడుడు. ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కార్యాలయము కోఠిలోనే కలదు. సమీపమున ఉస్మానియా ఆసుపత్రిలో మందులు ఉచితము. ఈ నగరపు హెటిరో, అరబిందో కంపెనీల మాత్రలు ఆఫ్రికాకు సైతము పోవుచున్నవి. అయినను దీపము క్రింద చీకటి తప్పలేదు. ధనికుడు ప్రైవేటు డాక్టరు గదిలో గుట్టుగా చికిత్స పొందును. దినకూలి వరుసలో నిలిచి ఆనాటి సంపాదన పోగొట్టుకొనును. గృహిణి ఎక్కడికి పోవుచున్నదో ఇంట చెప్పుకొనవలెను. వలస కార్మికుడు పని వెంట ఊరు మారును. హిజ్రాలకు చీదరింపు భయము. మందు వెల ఒక్కటే; దానిని చేరుటకు పెట్టవలసిన వెల వేరువేరు.

2017లో వచ్చి, 2018 సెప్టెంబరు 10 నుండి అమలైన చట్టము ఇట్టి వివక్షను నిషేధించినది. 2017 నుండియే, రక్తకణముల సంఖ్య ఎంత యున్నను, వ్యాధి తేలిన వెంటనే చికిత్స ఇయ్యవలెనను విధానమును వచ్చినది. ఈ రెండును పాఠశాలలలో బోధింపదగినవి. సోకు మార్గములు చెప్పి ఊరకొను పాఠము పులిరాజా ప్రకటన వంటిదే. ఉపాధ్యాయులు రెండవ ప్రశ్నను కూడ నల్లబల్లపై వ్రాయవలెను: పులిరాజాకు మందు అందుచున్నదా? అందనిచో, అడ్డమెవరు?