గ్రీకు మూలపదం – తెలుగు అక్షరం: పదవిభజనపై ఒక పరిశీలన

ఆంగ్లంలోని గ్రీకుమూల శాస్త్రపదాల విభజనకు ఉచ్చారణ, వ్యుత్పత్తి అనే రెండు ప్రమాణాలున్నాయి. అమెరికన్ నిఘంటువులు ప్రధానంగా మొదటిదాన్నే అనుసరిస్తాయి. వెబ్‌స్టర్ సంప్రదాయంలో హెలికాప్టర్ 'హె-లి-కాప్-టర్' అవుతుంది. నిజానికది మెలిక అనే అర్థంగల 'హెలిక్స్', రెక్క అనే అర్థంగల 'ప్టెరాన్'ల సమాసం. ఆ విభజన రెక్కను విరిచేస్తుంది.

తెలుగు లిపి సంయుక్తహల్లును తరువాతి అచ్చుతో చేరుస్తుంది. అందువల్ల 'హె-లి-కా-ప్టర్', 'ఫొ-టో-గ్ర-ఫీ' విభజనల్లో ఉత్తరపదం చెక్కుచెదరదు. దీన్ని లిపి విశిష్టతగా నిర్ధారించడం మాత్రం తొందరపాటే. ఉత్తరపదం అజాదియైతే ఫలితం తారుమారవుతుంది. మనస్సు, వైద్యుడు అనే అర్థాలుగల 'ప్స్యుఖే', 'ఇయాట్రోస్'ల నుంచి వచ్చిన 'సైకియాట్రీ'లో పూర్వపదాంత హల్లు, ఉత్తరపదాది అచ్చు కలిసి 'కి' అనే ఒకే అక్షరమయ్యాయి. సంధిలో వలెనే హద్దు చెరిగిపోయింది.

కనుక పారిభాషిక నిఘంటువులు అక్షరవిభజనతోపాటు వ్యుత్పత్తి విభజననూ వేరుగా చూపడం అవసరం.