చేదు దగ్గు

ఫ్రాన్సిస్కో వరేలా పేరు మాలాంటి ఇంజనీర్లకి ‘ఆటోపోయెసిస్’ వల్ల తెలుస్తుంది. జీవి తనని తానే తయారు చేసుకుంటూ, తన సరిహద్దుని తానే గీసుకుంటూ బతుకుతుందని మతురానాతో కలిసి చెప్పిన చిలీ జీవశాస్త్రవేత్త. హెపటైటిస్ సి వల్ల కాలేయం పాడై, 1998లో ఇంకొకరి కాలేయం పెట్టించుకున్నాడు. దాని మీద రాసిన ‘ఇంటిమేట్ డిస్టెన్సెస్’ అనే వ్యాసం 2001లో వచ్చింది. అదే ఏడాది మేలో పోయాడు. సరిహద్దుల గురించి సిద్ధాంతం చేసినవాడు, సొంత ఒంటి కాపలాని మందులతో జోకొడితే తప్ప బతకలేని స్థితికొచ్చాడు. వ్యాసం చదవడానికి ఈ ఒక్క కారణం చాలు.

అల్ట్రాసౌండ్ తెర మీద తన పొట్టలోని పరాయి కాలేయాన్ని చూసుకునే ఘట్టం చాలా బాగా రాశాడు. నా పేచీ కూడా అక్కడే. లోపలి అనుభవం గురించి చెప్తూనే మళ్లీ మళ్లీ బొమ్మ దగ్గరికి వస్తాడు. కాలేయం ఆయనకి ముందుగా కంటికి కనబడేది. గుండె మార్పిడి గురించి 2000లో ‘లాంత్రూ’ (చొరబాటుదారు) రాసిన నాన్సీకి ఆ ఇబ్బంది లేదు, గుండె చప్పుడు చేస్తుంది. కాలేయం చప్పుడు చెయ్యదు. పైత్యరసం చేస్తుంది. అది చేదు. వ్యాసంలో నాకు ఆ చేదు తగల్లేదు.

నాకెందుకంత పట్టింపు అంటే, మా చిన్నాన్న. చర్ల అవతల, అడవి అంచున ఊరు. హైదరాబాద్‌లో కాలేయం మార్చాక ఏడాదికి దగ్గు పట్టుకుంది. మా వైపు ఆగని దగ్గంటే ముందు టీబీ అనుకుంటారు. తెమడ పరీక్షలో ఏమీ లేదన్నారు, సిరప్ ఇచ్చారు. “దగ్గితే చేదొస్తందిరా, పచ్చగా, వేపాకు నమిలినట్టు” అని ఆయన అందరికీ చెప్పాడు. ఎవరూ రాసుకోలేదు. ఫోన్లో విని నేనూ “పైత్యం చేసుంటుందిలే” అన్నాను.

మార్పిడిలో ఎక్కువ తిప్పలు పెట్టే అతుకు పైత్యనాళానిది. కొత్త కాలేయంలో ఆ నాళాలకి రక్తం దాదాపుగా ఒక్క హెపాటిక్ ధమని నుంచే అందాలి. అది సన్నబడితే నాళం ఎండి మూసుకుపోతుంది, లేదా కారుతుంది. కారింది చీముగా చేరి, చాలా అరుదుగా, డయాఫ్రమ్‌ని తొలిచి ఊపిరితిత్తుల గొట్టంలోకి దారి చేసుకుంటుంది. పైత్యం దగ్గులో బయటికొస్తుంది. చిన్నాన్నకి జరిగింది అదే. తెమడలో బిలిరుబిన్ ఉందా అని చూస్తే తేలిపోయే సంగతి. రాత్రి బస్సులో హైదరాబాద్ చేర్చాక, గొట్టం పెట్టి చీము తీసి, ఎండోస్కోపీతో నాళంలో స్టెంట్ వేశారు.

ఆయన వాక్యం వ్యాధి నిర్ధారణే. తెలుగులో మనం పైత్యాన్ని తిట్టుగా వాడి వాడి, నిజంగా పైత్యం నోట్లోకొచ్చినవాడు చెప్పినా వినలేనంత అరగదీశాం. మన కథల్లో కూడా ఆస్పత్రి అంటే బిల్లు, డాక్టరు, ఏడుపు. రోగి నాలుక మీద ఏముందో అడిగిన కథ నాకు గుర్తు రావట్లేదు. అలాగని వరేలాని తీసిపారెయ్యలేను. ఆపరేషన్ గెలుపుతో ఆగకుండా, ఆ తర్వాతి రోజుల్ని రాశాడు. చిన్నాన్న పడినవీ ఆ రోజులే.

మొన్న తునికాకు కల్లాలప్పుడు ఊరెళ్లి, ఆ తెర ఘట్టం ఆయనకి తెలుగులో చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

“ఆయనకీ దగ్గొచ్చిందా?” అన్నాడు.