మర్యాదకూ ఓ అంకె

హైవే మీద కారు నడపడం కంప్యూటరుకు నేర్పాలంటే వేల నియమాలు కావాలనిపిస్తుంది. మార్టిన్ ట్రైబర్, అన్స్‌గార్ హెన్నెకె, డిర్క్ హెల్బింగ్ 2000లో ప్రచురించిన ‘ఇంటెలిజెంట్ డ్రైవర్ మోడల్’ ఒకే ఒక్క సూత్రం. ట్రాఫిక్ జామ్‌లను అర్థం చేసుకోవడానికి రాశారు గానీ, పనితనం చూడాలంటే కారులో కూర్చునే చూడాలి.

మనమూ ముందు బండీ 90 కిలోమీటర్ల వేగంతో పోతున్నామనుకుందాం. ఆగినప్పుడు ఉండాల్సిన 2 మీటర్ల ఎడం, దానికితోడు 1.6 సెకన్లలో బండి దాటే 40 మీటర్లు. వెరసి సూత్రం కోరే దూరం 42. ముందున్నది 54లో ఈడుస్తున్న లారీ అయితే? దాన్ని సమీపించే వేగం లెక్కలోకి రాగానే ఆ 42 కాస్తా సుమారు 155 అవుతుంది. లారీ ఇంకా దూరాన ఉండగానే కారు నెమ్మదించడం మొదలెడుతుంది. ఉన్న ఎడం కోరినదాంట్లో సగానికి పడిపోతే వెనక్కి పట్టే బలం నాలుగింతలు. ప్రమాదానికని విడిగా నియమమేదీ లేదు. సూత్రంలోని వర్గమే ఆ పని చూసుకుంటుంది.

నాకు మరీ ముచ్చటేసేది 2007లో ఆర్నె కెస్టింగ్‌తో కలిసి ట్రైబర్, హెల్బింగ్ దీనిపై కట్టిన లేన్ మార్పు నియమం, ‘మోబిల్’. కొత్త కొలతలేవీ తేలేదు, పాత సూత్రాన్నే మళ్లీ అడిగారు. మారితే నా త్వరణం ఎంత పెరుగుతుంది? కొత్త లేన్‌లో నా వెనక పడేవాడికి ఎంత తగ్గుతుంది? పాత లేన్‌లో వెనకున్నవాడికి ఎంత కలిసొస్తుంది? ఆ వెనకవాళ్లిద్దరి లాభనష్టాలను ఒక అంకెతో హెచ్చవేస్తారు. దాని పేరే మర్యాద. సున్నా అయితే స్వార్థపరుడు. ఒకటైతే పరుల నష్టాన్ని తన నష్టంగా చూసేవాడు. రుణసంఖ్య అయితే తను నష్టపోయైనా పక్కవాణ్ని ఏడిపించేవాడు. ఈ రకాన్ని మనకు ఎవరూ పరిచయం చేయనక్కర్లేదు. భద్రత మాత్రం ఈ బేరంలో లేదు. కొత్తగా వెనక పడేవాడు హద్దుమీరి బ్రేకు వేయాల్సివస్తే, ఎంత లాభమున్నా మారడానికి వీల్లేదు.

జర్మన్ ఆటోబాన్‌లో ఎడమ లేన్‌లో నింపాదిగా పోయేవాడి వెనక ఒకడు దూసుకొస్తాడు. వాడి ఇబ్బంది లెక్కకెక్కి, ముందువాడు కుడికి తప్పుకుంటాడు. ‘దారివ్వు’ అని ఎవరూ రాయలేదు, ఆ కూడికలోంచే పుట్టింది.

లోపమూ ఉంది. ఎవరైనా ముందుకు దూరితే మూల సూత్రం కంగారుపడి గట్టిగా బ్రేకేస్తుంది. అనుభవమున్న డ్రైవరు అలా చేయడు, ఎడాన్ని మెల్లగా పెంచుకుంటాడు. 2010లో ‘మోబిల్’ రాసిన ముగ్గురే దీన్ని సరిదిద్దుతూ నిబ్బరానికీ ఓ అంకె పెట్టారు: 0.99.

2023లో స్వయంచాలిత కార్ల కోసం జరిగిన నూప్లాన్ పోటీ నగర రోడ్లకు సంబంధించింది. యంత్రాభ్యాసం రాజ్యమేలుతున్న ఆ కాలంలో జర్మనీలోని ట్యూబింగెన్ బృందం ఈ పాత సూత్రంతోనే ఐదు వేగాలు, మూడు పక్క జరుపులు కలిపి 15 దారులు తయారుచేసి, ఒక్కోదాన్ని నడిపి చూసి, మేలైనదాన్ని ఎంచుకునేలా చేసి గెలిచింది. న్యూరల్ నెట్‌వర్క్‌కు అందులో దక్కిన పని, దూరపు క్షణాల అంచనాను కాస్త సవరించడం.