మబ్బు పట్టని చాయ్

గ్లాసు వెనక పేపరు పెడితే అక్షరాలు చదవగలగాలి. ఐస్ టీ కుదిరిందో లేదో తేల్చడానికి సూరత్ దగ్గరి కామ్‌రేజ్‌లో ఉండే మా వదిన పెట్టే పరీక్ష ఇది. తీపి, పులుపు, చల్లదనం గురించి ఆవిడ తర్వాత మాట్లాడుతుంది. ముందు తేట చూస్తుంది.

సూరత్‌లో తెలుగువాళ్లంటే ముందు గుర్తొచ్చేది లింబాయత్. తెలంగాణ నుంచి మగ్గాల పనికి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు ఆ చుట్టుపక్కలే ఎక్కువ. మా అన్నయ్యవాళ్లూ అలా వెళ్లినవాళ్లే. తర్వాత హైవే మీదున్న కామ్‌రేజ్‌కి మారారు. పక్కనే తాపీ నది, కాస్త దూరంలో సముద్రం. ఏప్రిల్ వచ్చిందంటే ఎండకు ఉక్కపోత తోడవుతుంది. పుదీనా, నిమ్మగడ్డి వేసి మరిగించే గుజరాతీ పాల చాయ్ పొద్దున ఎంత హాయిగా ఉన్నా, మధ్యాహ్నం దాన్ని గొంతులో పోసుకోవాలంటే ప్రాణం పోతుంది. వదిన అదే పుదీనాను, అదే నిమ్మగడ్డిని చల్లటి చాయ్‌లోకి తెచ్చింది.

పని నీళ్లతో మొదలవుతుంది. ఉప్పదనం ఉన్న బోరు నీళ్లలో కాచిన చాయ్ మీద సన్నటి తెట్టు కడుతుంది, రంగు మసకబారుతుంది. నీటిలోని సున్నం చేసే పని అది. పాలు పోస్తే ఆ లోపం కప్పుకుపోతుంది. పాలు లేని చాయ్‌లో దాక్కోవడానికి చోటే లేదు. అందుకే వదిన ముందురోజు రాత్రే నీళ్లు తెర్లించి, మూతపెట్టి వదిలేస్తుంది. తెల్లారేసరికి అడుగున తెల్లటి పొడి దిగుతుంది. పైనున్న తేట నీళ్లే చాయ్‌కి.

ఇక ఆకు. మన వంటిళ్లలో ఉండేది ఎక్కువగా గుళికల టీపొడి, అంటే సీటీసీ. 1930ల నాటికి అస్సాంలో రూపుకట్టిన ఆ యంత్రపు పద్ధతి ఆకును చీల్చి, నలిపి, చుట్టేస్తుంది. పాలతో కలిపితే అంత చిక్కటి చాయ్ మరోటి రాదు. కానీ అందులోంచి సారం ఒక్క ఉదుటున దిగుతుంది, చల్లారగానే మబ్బు పడుతుంది. వదిన తెప్పించుకునేది నీలగిరి ఆకు, నలిపినది కాదు, చుట్టినది. చల్లారినా తేటగా నిలవడంలో నీలగిరి చాయ్‌కి ఎప్పటినుంచో మంచి పేరుంది.

లీటరు నీళ్లకు 8 గ్రాముల ఆకు. ముందు నిమ్మగడ్డి ముక్కలు వేసి రెండు మూడు నిమిషాలు మరగనిస్తుంది, తీసేస్తుంది. పొయ్యి ఆపి, ఆకు వేసి, మూతపెట్టి నాలుగు నిమిషాలు. ఆకు వేశాక మళ్లీ మరిగించదు. వడగట్టేటప్పుడు పిండదు కూడా. పిండితే వచ్చే ఆ చివరి రెండు చెంచాల్లోనే వగరంతా ఉంటుంది, నలుసులూ ఉంటాయి.

వడగట్టే గుడ్డ చూసి తీరాలి. స్టీలు జల్లెడ ఉన్నా దాని మీద ఓ నేత పంచె ముక్క పరుస్తుంది. ఊరి నుంచి తెచ్చిన పాత పంచె. ఉతికి ఉతికి నూలు మెత్తబడి, పోగుకూ పోగుకూ మధ్య సందు బిగిసింది. కొత్త గుడ్డకు గంజి ఉంటుంది, అది చాయ్‌లోకి దిగుతుందని ఆవిడ వాడదు. ఈ ముక్కకు సబ్బు తగలనివ్వదు. వేడినీళ్లలో ఉడకబెట్టి ఎండలో ఆరేస్తుంది. నాలుగు మూలలూ జల్లెడ అంచు మీదుగా లాగి, మధ్యలో వేలితో చిన్న పల్లం చేస్తుంది. చాయ్ ఆ పల్లంలోకే సన్నటి ధారగా పడాలి. గుడ్డ ఎంత బిగువుగా ఉండాలో, ఎక్కడ వదులివ్వాలో పడుగు పట్టిన చేతులకు వేరే చెప్పక్కర్లేదు.

తర్వాతిది ఓపిక. చాలామంది వేడి చాయ్‌ని తిన్నగా ఐసు మీద పోస్తారు, లేదా ఫ్రిజ్‌లోకి నెడతారు. చాయ్‌లోని కెఫీన్, రంగునూ వగరునూ ఇచ్చే పదార్థాలు వేడిలో విడివిడిగా ఉంటాయి; చల్లబడేకొద్దీ ఒకదాన్నొకటి పట్టుకుని పేరుకుంటాయి. అదే ఆ మసక. చాయ్ ఎంత గాఢమైతే, ఎంత గబుక్కున చల్లబడితే అంత చిక్కగా కనిపిస్తుంది. "తొందరపడితె చాయ్ మబ్బు పడ్తది" అంటుంది వదిన. చెయ్యి పెట్టగలిగేంత చల్లారేదాకా, గంట సేపు, బల్ల మీదే ఉంచుతుంది. అప్పుడే ఫ్రిజ్. ఎప్పుడైనా మసక పడిందే అనుకోండి, కాసిని మరుగునీళ్లు పోస్తే తేరుకుంటుంది. అది పాడైన గుర్తు కాదు.

గాఢత పెంచి ఐసుతో పలుచన చేసే పద్ధతిని ఆవిడ అందుకే ఒప్పుకోదు. చాయ్ ముందే చల్లగా ఉంటుంది కాబట్టి గ్లాసుకు రెండు ఐసుముక్కలు చాలు. అవీ కాచిన నీళ్లవే, మూత ఉన్న ట్రేలో గడ్డకట్టినవే. మూత లేకపోతే ఫ్రిజ్‌లోని వెల్లుల్లి వాసన ఐసుకు ఎక్కుతుంది.

అమెరికాలో ఈ పానీయానికి పేరు తెచ్చిన కథ 1904 నాటిది. సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో మన దేశపు తేయాకును ప్రచారం చేయడానికి వెళ్లిన రిచర్డ్ బ్లెచిండెన్, వేసవి ఎండలో వేడి చాయ్ ఎవరూ ముట్టకపోతే ఐసు కలిపి పంచాడని చెబుతారు. జనంలోకి వెళ్లడానికి అది తోడ్పడి ఉండొచ్చు గానీ పుట్టుక అక్కడ కాదు; వర్జీనియా వంటల పుస్తకమొకటి 1879లోనే దీని తయారీ అచ్చేసింది. అదే దేశంలో నీళ్లలో ఆకు వేసి జాడీని ఎండలో పెట్టే అలవాటు కూడా ఉంది. సూరత్ ఎండ చూస్తే ఎవరికైనా ఆ ఆశ పుడుతుంది. వద్దు. ఎండలో నీళ్లు గోరువెచ్చగా, మహా అయితే 54 డిగ్రీల దాకా కాగుతాయి. ఆకు మీది సూక్ష్మజీవులు చావడానికి అది చాలదు, పెరగడానికి మాత్రం సరిపోతుంది. కాచే తీరిక లేనప్పుడు చల్లటి నీళ్లలో ఆకు వేసి రాత్రంతా ఫ్రిజ్‌లోనే నాననివ్వడం మేలు. వగరు తక్కువ, తేట ఎక్కువ. వాసన మాత్రం కాచినదానికే ఉంటుంది, నా ఓటు దానికే.

నిలవ దగ్గర వదిన పట్టుదల ఇంకా గట్టిది. సీసాలో చాయ్ తప్ప మరేదీ ఉండకూడదు. చక్కెర, నిమ్మరసం, పుదీనా అన్నీ గ్లాసులోనే. నిమ్మచెక్క చాయ్‌లో నానితే మర్నాటికి చేదెక్కుతుంది. పుదీనా నల్లబడుతుంది. చల్లటి చాయ్‌లో చక్కెర తొందరగా కరగదు కాబట్టి చక్కెర, నీళ్లు సమానంగా కాచిన పాకం వేరే సీసాలో ఉంటుంది. నిమ్మరసం పడగానే ముదురు రంగు లేత బంగారానికి తిరుగుతుంది. పిల్లలు గ్లాసు చుట్టూ మూగేది అప్పుడే.

సీసా గాజుదే కావాలి, మెడ సన్నగా ఉండాలి. మెడ దాకా నింపితే లోపల గాలి మిగలదు, రుచి త్వరగా చప్పబడదు. కుళాయి ఉన్న జాడీలు అందంగానే ఉంటాయి గానీ ఆ కుళాయి సందులోనే మురికి పేరుకుంటుంది, జిగురు పుట్టేది అక్కడే. ఏ రోజు కాచిందో తెలియడానికి సీసా మెడకు రంగు దారం కడుతుంది. మగ్గం దగ్గర మిగిలిన పోగులకు ఆ ఇంట్లో కరువు లేదు. నురగ కట్టినా, పుల్లటి వాసన వచ్చినా, పోస్తే తీగ సాగినా ఇక రుచి చూడటమంటూ ఉండదు. ఏ గుర్తూ కనబడకపోయినా మూడో రోజు సాయంత్రానికి మిగిలింది పారబోస్తుంది. మూత ఊడదీసి, లోపలి రబ్బరు చుట్టు బయటికి లాగి, దాని కింద పొడుగు బ్రష్ తిప్పుతుంది. ఆ తర్వాతే సీసా వేడినీళ్లలో మునుగుతుంది.